చేతికి కబురు రాని స్టిక్: ఒక పూల్ క్యూ మీద మూడు నెలల పని

జడ్చర్ల నుంచి ఆ తమ్ముడు నా షెడ్డుకు వచ్చింది 2024 జులై రెండో వారంలో. భుజాన బట్ట సంచిలో పూల్ స్టిక్ ఉంది, అంటే బల్ల మీద బంతులు కొట్టే ఆట కర్ర; దాన్నే క్యూ అంటారు. చంకలో వాళ్ల నానమ్మ రోకలి ఉంది.

“అన్నా, స్టిక్ సచ్చిపోయింది. కొడితే మొద్దును కొట్టినట్టున్నది. చేతికి ఏం తెలుస్తలేదు. ఈ రోకలి తునికి చేవ. దీంతోటి కొత్త బట్ చేసియ్యి” అన్నాడు. బట్ అంటే స్టిక్‌లో వెనక చేత్తో పట్టుకునే లావు సగం.

మహబూబ్‌నగర్‌లో నాది లేత్ పని. మా నాయన మంచం కోళ్లు, కవ్వాలు తరిమెన పట్టేవాడు. నేనూ వాటితోనే మొదలుపెట్టాను. తర్వాత పూల్ పార్లర్ల వాళ్లు టిప్పులు మార్చమని స్టిక్కులు తెచ్చివ్వడంతో ఈ దారిలోకి వచ్చాను. ముందు కొసన అంటించే తోలు టిప్పులు, తర్వాత టిప్ కింద తొడిగే ఫెరూళ్లు, ఆ తర్వాత స్టిక్ ముందు సగమైన షాఫ్టులు. ఇప్పుడు నెలలో సగం రోజులు క్యూల పనే ఉంటుంది. ఒక్క స్టిక్ గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ తమ్ముడి లాగే బట్ మార్చమంటారు. బట్ కంటికి కనిపించే భాగం. స్టిక్ ధర దాని చెక్కను బట్టే చెప్తారు. కాబట్టి లోపం కూడా అందులోనే ఉంటుందనుకుంటారు. ఈ స్టిక్‌లో నాకు ఐదు లోపాలు దొరికాయి. అందులో ఒక్కటి కూడా బట్ చెక్కలో లేదు.

వచ్చినప్పుడు స్టిక్ ఎట్లా ఉంది

రెండు ముక్కల క్యూ. బిగిస్తే పొడవు 147 సెంటీమీటర్లు, అంటే 58 అంగుళాలు. తూకం 586 గ్రాములు. బట్ చివర నుంచి 47 సెంటీమీటర్ల దగ్గర వేలి మీద సమంగా నిలిచింది. పూల్ ఆటకు ప్రపంచ స్థాయిలో ఉన్న నియమాల ప్రకారం క్యూ 40 అంగుళాల కన్నా పొట్టిగా ఉండకూడదు, బరువు 25 ఔన్సులు దాటకూడదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు మించకూడదు. ఈ లెక్కల్లో ఏ ఇబ్బందీ లేదు. బట్ నిజమైన జిట్టేగి. ముదురు గోధుమ రంగులో నల్ల చారలు, చక్కగా ఆరిన చెక్క. షాఫ్ట్ తెల్ల చెక్క. అమ్మినవాళ్లు మేపుల్ అని చెప్పారట.

నేను చేయి పెట్టే ముందు ఎప్పుడూ స్టిక్ చరిత్ర అడుగుతాను. ఏడాది కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఏప్రిల్‌లో షాఫ్ట్ కొస పగిలితే ఒకచోట బాగు చేయించాడు. మే నెలంతా బాగానే ఆడింది. వానలు పడ్డాక మెల్లమెల్లగా చెడింది. మరో మాట కూడా చెప్పాడు: “సైడ్ పెట్టి కొడితే తెల్ల బంతి నేను చూసిన దిక్కుకు పోతలేదన్నా, పక్కకు జరుగుతున్నది.”

సైడ్ అంటే తెల్ల బంతిని నడిమధ్యన కాకుండా పక్కన కొట్టడం. ఈ రెండు మాటలూ రాసి పెట్టుకున్నాను. వానలతో పాటు వచ్చిన లోపమంటే చెక్క తేమ తాగిందని అర్థం. సైడ్ కొట్టినప్పుడు బంతి ఎక్కువగా పక్కకు జరిగిందంటే షాఫ్ట్ కొస దగ్గర బరువు పెరిగిందని అనుమానం. రెండూ షాఫ్ట్ వైపే వేలు చూపిస్తున్నాయి. రోకలిని మూలకు నిలబెట్టి, “తమ్మీ, ముందుగాల కోత పెట్టను. పది రోజులు నా దగ్గర ఉండనియ్యి” అన్నాను.

ఫీల్ అని దేన్ని అంటున్నాం

టిప్ బంతికి తగిలి ఉండే సమయం చాలా తక్కువ. తోలు టిప్ అయితే సెకనులో వెయ్యో వంతు, లేదా దానికి కాస్త ఎక్కువ. ఆ దెబ్బ చెక్క నారల వెంట సెకనుకు నాలుగు వేల మీటర్లకు పైగా వేగంతో వెనక్కి పరుగెత్తుతుంది. అయినా అది చేతికి తగిలి, చేతి నుంచి మెదడుకు అందేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. అంటే మనకు తెలిసేది జరిగిపోయిన దెబ్బ గురించిన కబురు. ఆ కబురు ఆ షాటును మార్చలేదు, కానీ తర్వాతి షాటును దిద్దుతుంది. నడిమధ్యన తగిలిందా, మోచేయి ఊగిందా, బలం ఎక్కువైందా అన్నది ఆటగాడు దాన్నిబట్టే నేర్చుకుంటాడు. కబురు మసకబారితే మంచి ఆటగాడికి కూడా టెన్షన్ పట్టుకుంటుంది. ఈ తమ్ముడికి అదే జరిగింది. జూన్ నుంచి షాట్ షాటుకూ చేయి బిగబట్టి కొడుతున్నానని తనే చెప్పాడు.

ఆ కబురు దారిలో ఏయే మజిలీలు దాటి వస్తుందో చూడండి. టిప్, ఫెరూల్, షాఫ్ట్ కొస, షాఫ్ట్ ఒళ్లంతా, కింద ఇత్తడి బుష్ (పిన్ కూర్చునే గొట్టం), పిన్ (రెండు ముక్కలను కలిపే మర మేకు), జాయింట్ ముఖం (రెండు ముక్కలు తాకే చోటు), ఆ తర్వాతే బట్. ముందున్న మజిలీల్లో ఎక్కడ వదులుగా ఉన్నా, వెనక ఎంత ఖరీదైన చెక్క ఉన్నా దానికి అందేది చెడిపోయిన కబురే.

పరీక్షలు

మొదట టిప్. చాక్ (టిప్‌కు రుద్దే సుద్ద) పట్టని స్థితికి వచ్చేసింది. పైభాగం అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంది, అంచులు పుట్టగొడుగులా బయటికి పొంగాయి. ఇది రోజూ చూసేదే, ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

తర్వాత షాఫ్ట్‌ను విడదీసి మోగించి చూశాను. పొడవులో ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ దూరంలో రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని వేలాడదీయాలి. అక్కడ పట్టుకుంటే చెక్క ఊగడానికి మన వేళ్లు అడ్డు రావు. నడిమి భాగంలో వేలి కణుపుతో తడితే, బాగున్న షాఫ్ట్ కంగుమని కాసేపు మోగుతుంది. ఇది చప్పున ఆగిపోయింది, వెనకాలే ఈగ ఎగిరినట్టు చిన్న జుయ్‌మనే చప్పుడు వచ్చింది. బట్‌ను అలాగే తడితే శుభ్రంగా మోగింది. మా నాయన కోళ్లకు చెక్క ఎంచేటప్పుడు ముక్కను నేల మీద నిలువుగా వదిలి చెవితో తేల్చేవాడు. పద్ధతి అదే.

అద్దం పలక మీద దొర్లించాను. షాఫ్ట్ నడుమ కింద మిల్లీమీటరు పైగా వెలుతురు కనిపించి, మాయమై, మళ్లీ కనిపించింది. అంటే వంగింది. వెర్నియర్ పెట్టి కొస కొలిస్తే ఒక వైపు 12.95, దానికి అడ్డంగా 12.8 మిల్లీమీటర్లు. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అయింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం క్యూ పని తెలిసినట్టే. చెక్క తేమ తాగినా ఆరినా పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. అడ్డంలో కూడా అన్ని వైపులా సమంగా మారదు. వయసు వలయాల వెంట ఎక్కువ, కాండం నడిమి నుంచి బయటికి వెళ్లే దిక్కులో తక్కువ. గట్టి మేపుల్ పచ్చిది పూర్తిగా ఆరితే వలయాల వెంట పది శాతం దగ్గరగా, రెండో దిక్కులో ఐదు శాతం దగ్గరగా కుంచించుకుపోతుంది. ఏ చెక్కదైనా ఈ తేడా ఉంటుంది, పాళ్లు మారతాయంతే. నా షెడ్డు గోడకు తేమ చూపే మీటర్ ఒకటి ఉంది. మే మధ్యాహ్నాల్లో అది 30 శాతం దగ్గర ఉండేది, జులై ఆఖరుకు 78 శాతం చూపించింది. మొదటి గాలిలో చాలాకాలం ఉన్న చెక్కలో నీరు ఆరు శాతం దగ్గర నిలుస్తుంది, రెండో గాలిలో పదిహేను దగ్గరికి పోతుంది. పైగా ఈ స్టిక్ రోజూ ఏసీ పార్లర్‌లో రెండు గంటలు ఉండి, తర్వాత వాన గాలిలో బైకు మీద ఊరికి పోతుంది.

అయితే అన్ని షాఫ్టులూ వాన తాగుతాయి, అన్నీ ఇట్లా వంగవు. ఇది ఎందుకు వంగిందో తెలియడానికి షాఫ్ట్ మధ్యలో పైపూత కాస్త గీకి ఒక బొట్టు సిరా వేశాను. సిరా నార వెంటే పాకుతుంది. అది షాఫ్ట్ పొడవునా పోకుండా ఏటవాలుగా పక్కకు తిరిగింది. కంసాలి భూతద్దంతో గీత వెంట పోతే, ఒక అంచున మొదలైన నార 15 సెంటీమీటర్లు పోయేసరికి రెండో అంచున బయటపడింది. అంటే కొస నుంచి కింది దాకా ఒక్క నార కూడా తెగకుండా రాలేదు. అట్లాంటి కడ్డీ తేమ మారినప్పుడల్లా మెలిపడుతుంది, వంగకుండా నిలిచే బిగువు కూడా కొంత తగ్గుతుంది. మేపుల్ పక్క ముఖం మీద వెలుతురుకు మెరిసే సన్న మచ్చలు ఉంటాయి. ఇందులో అవి లేవు. చౌక క్యూల్లో ఆగ్నేయాసియా నుంచి వచ్చే రామిన్ అనే తెల్ల చెక్క ఎక్కువగా వాడారు, ఇది కూడా అదే అయ్యుంటుంది. కానీ నార నిటారుగా ఉన్న రామిన్ షాఫ్టులు ఏళ్ల తరబడి నిలబడటం నేను చూశాను. ఇక్కడ తప్పు చెక్క జాతిది కాదు, కడ్డీని కోసిన తీరుది.

ఇక ఫెరూల్. రోకలికి పొన్ను వేస్తారు కదా, షాఫ్ట్ కొసకు ఫెరూల్ అట్లాంటిదే. దెబ్బకు చెక్క చీలకుండా కాపాడుతుంది. పూల్ క్యూకు మామూలుగా ప్లాస్టిక్ లేదా ఫైబర్ వేస్తారు. ఏప్రిల్‌లో బాగు చేసినవాళ్లు ఇత్తడిది వేశారు, 20 మిల్లీమీటర్ల పొడవు. లోహపు ఫెరూల్ ఒక అంగుళం లోపే ఉండాలని నియమం, కాబట్టి ఆటకు అభ్యంతరం లేదు. స్నూకర్ క్యూలకు ఇత్తడే వేస్తారు, కానీ అక్కడ కొస తొమ్మిది, తొమ్మిదిన్నర మిల్లీమీటర్లే కాబట్టి ముక్క చాలా చిన్నది. దీన్ని వేడి చేసి ఊడదీసి తూస్తే 11 గ్రాములు! అదే కొలతకు ఫైబర్ ముక్క రెండు గ్రాములు కూడా ఉండదు. ఊడదీసినప్పుడు రెండో సంగతి బయటపడింది. లోపల చెక్కకూ ఇత్తడికీ మధ్య సందు ఉంది, ఆ సందును తెల్ల జిగురుతో నింపారు. జిగురు ఎండి ముక్కలైంది. ఈగ చప్పుడు ఇదేననుకున్నాను.

కొస బరువుకూ బంతి పక్కకు జరగడానికీ సంబంధం ఏమిటని ఆ తమ్ముడు అడిగాడు. బంతిని పక్కన కొట్టినప్పుడు అది తిరుగుతూ టిప్‌ను పక్కకు తోస్తుంది. కొస తేలికగా ఉంటే చటుక్కున తప్పుకుంటుంది. బరువుగా ఉంటే కదలడానికి మొండికేస్తుంది, అప్పుడు బంతే అవతలికి జరగాలి. బట్‌లో వంద గ్రాములు పెంచినా దీనికి పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే ఆ వెయ్యో వంతు సెకనులో పక్కకు కదిలేది కొస దగ్గరి కొద్ది అంగుళాలే. తక్కువ డిఫ్లెక్షన్ (బంతి ఇట్లా పక్కకు జరగడం) షాఫ్టులని అమ్మేవాటిలో కొసను లోపల బోలుగా చేసేది ఇందుకే.

నేను చేసిన తప్పు

ఫైబర్ ఫెరూల్ బిగుతుగా తొడిగి, ఎపాక్సీ పెట్టి, కొత్త టిప్ వేశాను. మర్నాడు తట్టి చూస్తే జుయ్‌మని అదే చప్పుడు. నా జిగురు పట్టలేదనుకున్నాను. మళ్లీ ఊడదీసి, కొత్త ఫెరూల్ వేసి, రెండు రోజులు ఆరబెట్టి చూశాను. అదే చప్పుడు. ఒక లోపం దొరకగానే కారణం దొరికిందని నమ్మేశాను, మిగిలిన మజిలీలు చూడలేదు. పది రోజులు అట్లా పోయాయి. ఆ తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేసి అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

అప్పుడు కింది వైపు నుంచి మొదలుపెట్టాను. ఇత్తడి బుష్‌లోకి ఒక బోల్టు తిప్పి పక్కకు ఒత్తితే గోరు మందం కూడా కాదు, వెంట్రుక మందం కదిలింది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుమంది. చప్పుడు అసలు మూలం ఇది. జాయింట్ ముఖాల మధ్య కార్బన్ పేపర్ ముక్క పెట్టి బిగించి విప్పితే, గుండ్రంగా చుట్టూ పడాల్సిన మచ్చ ఒక పక్క నెలవంకలా పడింది. అంటే షాఫ్ట్, బట్ సగం చోట మాత్రమే తాకుతున్నాయి. మిగిలిన సగంలో కబురుకు దారి లేదు.

జాయింట్ గురించి ఆటగాళ్లలో పెద్ద వాదన నడుస్తుంది. స్టీల్ జాయింట్ గట్టిగా కొడుతుందని కొందరు, చెక్కకు చెక్క తగిలితేనే అసలు ఫీల్ అని కొందరు. నా చేతి మీదుగా పోయిన స్టిక్కులను బట్టి చెప్తున్నాను: ముఖాలు పూర్తిగా కూర్చున్న చౌక జాయింట్, సగమే కూర్చున్న ఖరీదైన జాయింట్ కన్నా ప్రతిసారీ బాగా మోగింది.

మూడు చెక్కలు, ఒకే బట్

ఏటవాలు నార ఉన్న షాఫ్ట్‌ను బాగు చేయలేం. కొత్తది చేయాల్సిందే. చెక్క విషయం ఆ తమ్ముడికి చెప్పి ఒప్పించడం కన్నా అతని చేతికే వదిలేయడం మంచిదనిపించింది. మూడు షాఫ్టులు చేశాను. మూడింటికీ ఒకే కొలత, ఒకే ఫైబర్ ఫెరూల్, ఒకే పెట్టెలోని టిప్పులు. కొసన 12.75 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి అడుగు పొడవునా దాదాపు అదే మందం, తర్వాత జాయింట్ దాకా మెల్లగా లావు.

ఒకటి గట్టి మేపుల్. ఉత్తర అమెరికా చెక్క, రంధ్రాలు సన్నగా అంతటా సమంగా పరుచుకుని ఉంటాయి. ఈ కడ్డీలు నా దగ్గర ఏడాదిగా ఉన్నాయి. కొస మీద మేకు కొట్టి దారంతో నిలువుగా వేలాడదీస్తాను, ఎటు వంగాలన్నా దానికి స్వేచ్ఛ ఉండాలని. వారం వారం తూచి పెన్సిల్‌తో దాని మీదే రాస్తాను. తూకం స్థిరపడిందంటే గాలితో చెక్కకు లెక్క కుదిరినట్టు. లేత్ మీద కూడా ఒక్కసారే సన్నం చేయను. మిల్లీమీటరు తీసి రెండు వారాలు వేలాడదీస్తాను, మళ్లీ తీస్తాను. పొర తీసినప్పుడల్లా లోపల బిగబట్టి ఉన్న నారలు కొంత సర్దుకుంటాయి. తొందరపడి ఒక్క రోజులో తీసిన షాఫ్ట్ ఆ రోజు నిటారుగానే ఉంటుంది, కానీ నెల తిరక్కుండా వంగుతుంది. ఈ కేసులో మూడు నెలలు పట్టింది ఎక్కువగా ఇందుకే.

రెండోది ఆష్. స్నూకర్ వాళ్ల కోసం తెప్పించిన కడ్డీ. వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కట్టి ఉంటాయి, అందుకే ముదురు గీతలు బాణం ములుకుల్లా కనిపిస్తాయి. స్నూకర్ ఆటగాళ్లు ఆ ములుకులను చూసి క్యూను ప్రతిసారీ ఒకే తీరుగా తిప్పి పట్టుకుంటారు.

మూడోది టేకు. పాత ఇల్లు కూల్చిన చోట కొన్న దూలం ముక్క. దశాబ్దాల పాటు పైకప్పు మోసి ఆరిన చెక్క.

జాయింట్ సామాను కలిపి మేపుల్ షాఫ్ట్ 112 గ్రాములు, ఆష్ 108, టేకు 104 తూగాయి. మూడు చెక్కల బిగువు దగ్గర దగ్గరగానే ఉంటుంది, తేడా కొద్ది శాతమే. ఇది చాలామంది నమ్మరు.

టేకు నన్ను నిరాశపరిచిందని చెప్పాలి. మన చెక్కతో షాఫ్ట్ కుదిరితే బాగుండునని నాకు బలంగా ఉండేది. మోత మెత్తగా, తియ్యగా వచ్చింది. కానీ దానిలో ఉండే సన్న ఇసుక వంటి పదార్థం ఉలి పదును తినేసింది, నూనె వల్ల థిన్నర్‌తో తుడిస్తే తప్ప జిగురు పట్టలేదు. మేపుల్ కన్నా మెత్తన కావడంతో ఇరవై రోజుల ఆటకే ఫెరూల్ కింద చెక్క అంచు నలిగింది. బ్రిడ్జి వేళ్లకు, అంటే ముందు క్యూను ఆనించే చేతి వేళ్లకు, రంధ్రాలు గరుకుగా తగిలాయి. బట్‌కు టేకు చాలా మంచిది, షాఫ్ట్‌కు నేను మళ్లీ వాడను. ఆష్ దెబ్బ చురుగ్గా ఉంది, ఆ తమ్ముడికి నచ్చింది కూడా. అయితే చెమట చేతికి ఆ గీతలు తగులుతున్నాయన్నాడు. రంధ్రాలు నింపే పూత ఇంకా రెండు సార్లు వేయాల్సి వచ్చేది. మేపుల్ చేతిలో జారింది.

తర్వాత ఒక పని చేశాను. పార్లర్ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం అతని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి పాటలు పెట్టమన్నాను. షాఫ్ట్ రంగు కనిపించకుండా కొస వదిలి మిగతా భాగానికి నల్ల టేపు చుట్టాను. మూడూ మార్చి మార్చి ఇచ్చాను. టేకును వెంటనే పట్టేశాడు. మేపుల్‌కూ ఆష్‌కూ మధ్య తడబడ్డాడు. అంతకుముందు చెవులు తెరిచి ఉన్నప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు. మనం చేతికి తెలిసిందనుకునే దానిలో చాలా భాగం చెవి చెప్పేదేనని నాకు ఆ రోజు గట్టిగా అర్థమైంది. చప్పుడు కూడా ఫీల్‌లో భాగమే. అది శుభ్రంగా రావాలి.

అదే రోజు బట్ సంగతి కూడా చూశాం. మేపుల్ షాఫ్ట్ ఉంచి, జిట్టేగి బట్ బదులు నా దగ్గరున్న టేకు బట్ బిగించాను. జిట్టేగి బరువైన చెక్క, ఘనపు మీటరుకు 800 కిలోలు దాటుతుంది, టేకు 650 దగ్గర. కాబట్టి టేకు బట్‌లో బోల్టు వేసి మొత్తం తూకం, బ్యాలెన్స్ రెండూ సరిపెట్టాను. ఏది ఏదో చెప్పలేకపోయాడు. బోల్టు తీసేయగానే చెప్పాడు. అంటే బట్ చెక్క ప్రభావం అతనికి బరువు రూపంలో, ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్న రూపంలో అందుతోంది. ఇది చిన్న విషయమని నేననను. ముందు భాగంలో బరువైన చెక్క ఉంటే క్యూ ముందుకు లాగుతుంది, కొందరికి అదే ఇష్టం. కానీ అది ‘సచ్చిపోయిన’ స్టిక్‌కు మందు కాదు.

సన్నం చేయమంటే

మేపుల్ ఖాయమయ్యాక అతను కొత్త కోరిక కోరాడు. “12కు దించు అన్నా, సన్నగుంటే స్పిన్ మంచిగొస్తదంట.” కొస సన్నబడితే బరువు తగ్గుతుంది, బంతి పక్కకు జరగడం కూడా తగ్గుతుంది, అది నిజమే. కానీ గుండ్రటి కడ్డీ బిగువు మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. 13 నుంచి 12 మిల్లీమీటర్లకు దిగితే బరువు 15 శాతం తగ్గుతుంది, బిగువు 27 శాతం పోతుంది. అర మిల్లీమీటరు తీసినా 14, 15 శాతం బిగువు పోతుంది. మేపుల్, ఆష్, టేకు అని మనం వాదించుకునే తేడా మొత్తం ఒక్క ఇసుక కాగితం పనితో చెరిగిపోతుందన్న మాట. పార్లర్లలో మురికి పోవడానికి షాఫ్ట్‌ను వారం వారం ఇసుక కాగితంతో రుద్దుతారు. ఏడాది తిరిగేసరికి అది వేరే క్యూ అవుతుంది. తడిపి పిండిన బట్టతో తుడిచి, వెంటనే పొడి బట్టతో గట్టిగా రుద్దితే చాలు.

12.5 దగ్గర ఆగుదామని ఒప్పందం కుదిరింది. పావు మిల్లీమీటరును రెండు విడతల్లో తీశాను. నారలు కొస నుంచి కింది దాకా తెగకుండా వచ్చిన కడ్డీ ఇది, మళ్లీ సిరా బొట్టు వేసి చూసుకున్నాను. బుష్‌ను కొత్తగా కూర్చోబెట్టి, జాయింట్ ముఖాన్ని బుష్ బిగించాకే లేత్ మీద కోశాను. ముందే కోస్తే బుష్ బిగించేటప్పుడు అది వంకర పోతుంది, పాత షాఫ్ట్‌లో జరిగింది అదే అయ్యుంటుంది. కార్బన్ పేపర్ మచ్చ ఈసారి నిండు ఉంగరంలా పడింది. పైన పలుచటి సీలర్, దాని మీద మైనం. షాఫ్ట్‌కు మందం వార్నిష్ వేస్తే తేమ బాగానే ఆగుతుంది కానీ పాలమూరు ఎండాకాలం చేతికి అతుక్కుపోతుంది.

అక్టోబర్ మొదటి వారం

కొత్త షాఫ్ట్‌తో మొత్తం తూకం 571 గ్రాములు. పాత షాఫ్ట్‌కు మేం ఒక పరీక్ష చేసి పెట్టుకున్నాం. ఎనిమిదడుగుల టేబుల్ మీద ఒక చోట బంతి పెట్టి, అర టిప్ కుడి సైడ్‌తో, ఎదుటి కుషన్ (టేబుల్ అంచు) మీద అతికించిన కాగితం గీతకు గురిపెట్టి కొట్టడం. పాతదానితో బంతి గీతకు నాలుగు వేళ్ల వెడల్పు అవతల తగిలింది. కొత్తదానితో రెండు వేళ్లకు కాస్త ఎక్కువ. పదేసి సార్లు కొట్టి మధ్యస్థంగా పడినచోటు గుర్తు పెట్టుకున్నాం. కొట్టింది మనిషి చేయే కాబట్టి వేలు అటూ ఇటూ అనుకున్నా తేడా స్పష్టంగానే ఉంది.

మొదటి షాట్ కొట్టి అతను ఏమీ అనలేదు. ఇంకో నాలుగు కొట్టాడు. “దెబ్బ వినొస్తున్నదన్నా” అన్నాడు. అయితే రెండు వారాల తర్వాత కాస్త దిగులుగా ఫోన్ చేశాడు. సైడ్ షాటులన్నీ ఇంకో పక్కకు తప్పుతున్నాయట. అది నేను ముందే చెప్పి ఉండాల్సింది. పాత స్టిక్ బంతిని పక్కకు తోసేది కాబట్టి అతని కన్ను నెలల తరబడి దానికి తగ్గట్టు గురి మార్చుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు తోపుడు తగ్గింది, అలవాటు మాత్రం అలాగే ఉంది. సైడ్ లేకుండా పది రోజులు నడిమధ్యన మాత్రమే కొట్టమన్నాను, తర్వాత కొద్దికొద్దిగా సైడ్ పెంచమన్నాను. నవంబర్‌కు సర్దుకున్నాడు. ఇప్పుడు ఎవరి షాఫ్ట్ మార్చినా ఈ మాట చెప్పాకే స్టిక్ చేతికిస్తున్నాను.

జనవరిలో పొడి చలికాలంలో ఒకసారి, మళ్లీ మే ఎండల్లో ఒకసారి తెప్పించుకుని అద్దం మీద దొర్లించాను. జనవరిలో వెలుతురు కనిపించలేదు. మేలో వెంట్రుక మందం కనిపించింది, కొస కొలత రెండు దిక్కుల్లో 12.45, 12.4. ఈ మాత్రం కదలని చెక్క లేదు. కార్బన్ ఫైబర్ షాఫ్టులకు ఈ బెడద లేదని కుర్రాళ్లు అంటున్నారు, తేమ విషయంలో అది నిజమే. మోత మాత్రం వేరుగా ఉంటుంది, ఎవరి చెవికి ఏది నచ్చితే అది.

ఇక రోకలి. దాన్ని కూడా తట్టి చూశాను. నల్లటి చేవ, గంటలా మోగుతుందనుకుంటే పొన్ను వైపు మోత పగిలింది. భూతద్దంలో చూస్తే జానెడు పొడవున సన్న పగులు ఉంది. ఏళ్ల తరబడి దంచిన దెబ్బల గుర్తు. పై భాగం గట్టిగానే ఉంది, కోస్తే బట్‌లో కొంత భాగానికి సరిపోయే ముక్క వచ్చేది. ఆ తమ్ముడు దాన్ని తీసుకుపోవడానికి ఫిబ్రవరిలో వచ్చాడు. అక్క పెండ్లి కుదిరిందట, పసుపు దంచడానికి నానమ్మ రోకలే కావాలని వాళ్లమ్మ అడిగిందట. పగులు ఇంకా సాగకుండా పొన్నును కొద్దిగా పైకి జరిపి బిగించి ఇచ్చాను.